సిమ్లా కేటలాగు, సికింద్రాబాద్ దర్బారు, మునేటి ఒడ్డు

నందిగామలో గానీ జగ్గయ్యపేటలో గానీ ఏ ఫొటో స్టూడియోకు వెళ్లి పెళ్లి ఆల్బమ్ చూపించమన్నా, మొదటి రెండు మూడు పేజీల్లోనే కృష్ణ ఒడ్డు ఎదురవుతుంది. ముక్త్యాల దగ్గర నీళ్లు, అవతల గుట్టలు, వాటి ముందు చేతులు పట్టుకున్న జంట. ఆ జంటను తీసేసి మిగతాది అమ్మండి అంటే స్టూడియోవాళ్లు తల అడ్డంగా ఊపుతారు. ఉత్త నదికి, ఉత్త గుట్టకు డబ్బులెవరిస్తారండీ అంటారు. ఈ మాటను నేను ఒప్పుకోను. ప్రకృతి దృశ్యాలు తీసి దర్జాగా బతికినవాళ్లు మన దేశంలో నూట అరవై ఏళ్ల కిందటే ఉన్నారు. వాళ్లలో ఇద్దరి ఫొటోలను, ఆ ఫొటోల వెనకున్న జమాఖర్చులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ మెట్ట ప్రాంతంలో కెమెరా పట్టినవాళ్లకు పనికొచ్చే సంగతులు చాలా దొరుకుతాయి. ఒకరు సిమ్లాలో స్టూడియో నడిపిన శామ్యూల్ బోర్న్. ఇంకొకరు సికింద్రాబాద్‌లో స్థిరపడిన రాజా దీన్‌దయాళ్.

బోర్న్ నాటింగ్‌హామ్‌లో బ్యాంకు గుమాస్తా. ఉద్యోగం వదిలేసి 1863లో ఇండియా వచ్చాడు. సిమ్లాలో విలియం హోవార్డ్, చార్లెస్ షెపర్డ్‌లతో జతకట్టాడు. ఆ ఏడు జులై చివర్లో ముప్పైమంది దాకా కూలీలను వెంటేసుకుని హిమాలయాల్లోకి వెళ్లి, అక్టోబరులో 147 నెగెటివ్‌లతో తిరిగివచ్చాడు. దాదాపు డెబ్బై అయిదు రోజుల ప్రయాణం. అంటే సగటున రోజుకు రెండు ఫొటోలు. ఈ లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అది తడి కొలోడియన్ కాలం. గాజు పలకకు అక్కడికక్కడే మందు పూసి, అది ఆరిపోకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. పలకలు, మందు సీసాలు, గుడారం, నీళ్లు అన్నీ మనుషుల వీపుల మీదే కొండెక్కాలి. 1866లో మణిరంగ్ కనుమ దగ్గర 18,600 అడుగుల ఎత్తున ఫొటోలు తీశాడు. మరో ఇరవై ఏళ్ల దాకా అంతకన్నా ఎత్తులో ఎవరూ తీయలేదు. అంత ఖర్చు పెట్టి రోజుకు రెండే పలకలు తెచ్చినవాడు, ఒక్కో పలకనూ ఎన్నిసార్లు అమ్మాలో ముందే ఆలోచించి ఉండాలి.

ఆలోచించాడు కూడా. ప్రతి నెగెటివ్‌కూ ఒక నంబరు వేశాడు. ఆ నంబర్లన్నీ అచ్చయిన కేటలాగులో ఉండేవి. కలకత్తాలోని అధికారి, లండన్‌లోని ఆయన అత్తగారు, ఎవరైనా సరే నంబరు రాసి పంపితే ప్రింటు ఇంటికొచ్చేది. 1870లో బోర్న్ ఇండియా వదిలి ఇంగ్లండుకు వెళ్లిపోయి నూలు వ్యాపారంలో పడేనాటికి రెండువేలకు పైగా నెగెటివ్‌లు స్టూడియోలో ఉన్నాయి. ఆయన లేకపోయినా అవి దశాబ్దాల పాటు అమ్ముడయ్యాయి. బోర్న్ అండ్ షెపర్డ్ అనే పేరు కలకత్తాలో 2016 దాకా బతికింది.

దీన్‌దయాళ్ దారి వేరు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇందోరు పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు వేసే, నక్షాలు గీసే కొలువులో చేరాడు. 1874లో కెమెరా పట్టాడు. అయినా పదేళ్లకు పైగా ఉద్యోగాన్ని మాత్రం వదల్లేదు. 1882లో బ్రిటిష్ అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగాడు. ఆ తిరుగుళ్ల ఫొటోలే 1886లో మధ్యభారత ప్రసిద్ధ కట్టడాల పుస్తకంగా వచ్చాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణ దొరికి, సికింద్రాబాద్‌లో స్టూడియో నిలదొక్కుకున్నాకే సర్కారు జీతానికి స్వస్తి చెప్పాడు. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం, ఒక ఇంగ్లీషు మహిళ ఆధ్వర్యంలో జనానా స్టూడియో తెరిచాడు. 1894లో నిజాం నుంచి రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో. మరుసటి ఏడాది విక్టోరియా రాణి ఆస్థాన నియామకం.

ఇద్దరి జీవితాల్లో మొదట పట్టించుకోవలసిన తేడా ఇదే. జీతం రాళ్లు ఎప్పుడు వదలాలన్న ప్రశ్నకు బోర్న్ ఒక జవాబిచ్చాడు, దీన్‌దయాళ్ ఇంకో జవాబిచ్చాడు. బోర్న్‌కు ఆ తెగువ ఎలా వచ్చిందో కూడా చూడాలి. ఆయన కొండల్లో తిరుగుతున్నంతకాలం షెపర్డ్ సిమ్లాలో కూర్చుని దొరల, దొరసానుల ముఖచిత్రాలు తీశాడు, బోర్న్ పంపిన నెగెటివ్‌లకు ప్రింట్లు వేయించాడు, వాటి అమ్మకం చూశాడు. అంటే హిమాలయ దృశ్యాల వెనక రోజువారీ గల్లా ఒకటి మోగుతూనే ఉంది. దీన్‌దయాళ్‌దీ అదే కథ. కట్టడాలు, కోటలు, చెరువులు తీసింది ఆయనే అయినా స్టూడియోను పోషించింది నవాబుల కుటుంబాల ఫొటోలు, సైనిక అధికారుల ఫొటోలు. నందిగామ కుర్రవాడు ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు తీసి, మిగతా రోజుల్లో మునేటి గట్టెక్కితే అందులో చిన్నతనమేమీ లేదు. ఈ రంగంలో అందరికన్నా పెద్ద పేర్లు అలాగే బతికాయి.

ఇక ఫొటోల్లోకి వద్దాం. బోర్న్ 1864లో శ్రీనగర్‌లో తీసిన పోప్లార్ చెట్ల బాట చూడండి. రెండు వైపులా నిటారుగా, ఒకే ఎత్తున చెట్లు. మధ్యలో బాట సన్నబడుతూ దూరంగా వెళ్లిపోతుంది. మనుషులు ఉంటే చుక్కలంతే. వెలుగు చెట్ల కాండాల మీద పడి కిందికి జారుతుంది. ఎంత శుభ్రమైన పని! ఏ అంచులోనూ చెత్త లేదు. దాన్ని ఎవరి గోడకైనా తగిలించవచ్చు. అదే దాని బలం, నా దృష్టిలో లోపం కూడా. కొనేవాడు ఎవరో బోర్న్‌కు తెలియదు. తెలియని కొనుగోలుదారు కోసం తీసేవాడు అందరికీ నచ్చేదే తీస్తాడు. బ్రిటిష్ ఫొటోగ్రఫీ పత్రికకు రాసిన యాత్రా వ్యాసాల్లో హిమాలయాలు చిత్రానికి లొంగడం లేదని ఆయన వాపోయాడు. కశ్మీర్ మాత్రం నచ్చింది. ఎందుకంటే అక్కడ నీరు, చెట్టు, వంతెన, అన్నీ ఇంగ్లండు బొమ్మల్లో అలవాటైన కొలతల్లో దొరికాయి. మంచుకొండ తన పరిమాణంతో ఫ్రేమును బద్దలు కొడుతుంటే, ఆయన ఆ కొండను వదిలి ఫ్రేముకు సరిపడే సరస్సును వెతుక్కున్నాడు.

దీన్‌దయాళ్ 1902 ఏప్రిల్‌లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర తీసిన ఫొటో మనకు ఇంకా దగ్గరిది. వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు చచ్చిన పులి. వెనక అడవి. కాజీపేట నుంచి బెజవాడ వచ్చే రైలెక్కినవాళ్లకు నెక్కొండ స్టేషను తెలుసు. ఆ అడవి ఇక్కడ ఎవరి వేటకు నేపథ్యమో చిత్రం చెప్పేస్తుంది. ఎవరు, ఎక్కడ, ఏ నెలలో, ఎవరి ఆతిథ్యంలో, అన్నీ అందులోనే ఉన్నాయి. దీన్‌దయాళ్ దృశ్యాల్లో నేల ఎప్పుడూ ఒకరికి చెందిన నేల. గ్వాలియర్ కోటలో మాన్ మందిర్ గోడను తీసినా ఆ రాతి బురుజుల బరువు, కట్టడపు లెక్క తెలిసిన ఇంజనీరు కన్ను కనిపిస్తుంది. గోడ ఎంత ఎత్తో చూసేవాడికి తెలియాలన్న పట్టుదల ఉంటుంది. బోర్న్ ఫొటోలో మనం మైమరచిపోతాం. దీన్‌దయాళ్ ఫొటోలో మనకు చిరునామా దొరుకుతుంది.

చిరునామా దొరికే ఫొటోకు కాలం గడిచేకొద్దీ విలువ పెరుగుతుంది. దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857ని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో తీసుకుంది. వాటి దగ్గరికి చరిత్రకారులు పోతారు, వాస్తుశిల్పులు పోతారు, పాత హైదరాబాదు ఎలా ఉండేదో చూడాలనుకునేవాళ్లు పోతారు. బోర్న్ అండ్ షెపర్డ్ నెగెటివ్‌లు 1991లో స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ప్రపంచమంతా చెదిరిన ప్రింట్లు మిగిలాయి కాబట్టి బోర్న్ పని మనకు దక్కింది. రెండో కాపీని వేరే ఊళ్లో పెట్టుకోమని కొత్తగా చేరిన కుర్రాళ్లకు చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. ఒక హార్డ్ డిస్కు నందిగామలో ఉంటే రెండోది విజయవాడలో బంధువుల ఇంట్లో ఉండాలి.

అయితే పోషకుడి నీడలో తీయడానికి ఒక ఖరీదుంది, దాన్ని దాటవేయకూడదు. 1895 నుంచి 1902 వరకూ నిజాం రాజ్యంలో కరవు సహాయక పనులను దీన్‌దయాళ్ స్టూడియో తీసింది. ఆ ఫొటోల్లో గంజి పంచుతున్న క్రమశిక్షణ కనిపిస్తుంది, వరుసల్లో కూర్చున్న జనం కనిపిస్తారు. సర్కారు చేసిన మేలును చూపమని అడిగినవాళ్లే డబ్బిచ్చారు. అందువల్ల ఆకలి కంటే ఏర్పాటే ముందుకొచ్చింది. ఒక్క పోషకుడి మీద ఆనడంలో వ్యాపారపరమైన ప్రమాదం కూడా ఉంది. 1905లో దీన్‌దయాళ్, 1911లో మహబూబ్ అలీఖాన్ పోయాక ఆ స్టూడియో మళ్లీ పాత స్థాయిని అందుకోలేదు. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంకా మొరటుగా జరిగింది. ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా నియమించిన లినేయస్ ట్రైప్, అమరావతి నుంచి మద్రాసు చేరిన శిల్పాలను 1858లో 75 ఫొటోలు తీశాడు. దక్షిణాది ఆలయాలను అద్భుతంగా తీశాడు. మరుసటి ఏడాది గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ ఖర్చు తగ్గించే పేరుతో ఆ పనిని ఆపించాడు.

మన ప్రాంతంలో ఆ పోషకుల స్థానంలో ఎవరున్నారు? జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి ఉంది, దాన్ని నమ్ముకుని జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ఏటా క్యాలెండర్లు, డైరీలు, ఆఫీసు గోడలకు పెద్ద ప్రింట్లు కావలసినవాళ్లు పరిశ్రమల వాళ్లే. వేదాద్రి, పెనుగంచిప్రోలు, తిరుమలగిరి లాంటి క్షేత్రాలున్నాయి. విజయవాడ ఆసుపత్రులు, హోటళ్లు ఉన్నాయి. అందరూ డబ్బిస్తారు, అందరికీ ఒక షరతు ఉంటుంది. పరిశ్రమకు కావలసింది పచ్చదనం, క్వారీ గుంత ఫ్రేములోకి రాకూడదు. దేవస్థానానికి కావలసింది ఖాళీగా మెరిసే మెట్లు, తిరునాళ్ల మర్నాటి చెత్త రాకూడదు. కరవు ఫొటోల్లో దీన్‌దయాళ్‌కు ఎదురైన ఇరకాటం ఇదే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పోషకుడు అడిగింది తీసి డబ్బు తీసుకోవాలి, అదే రోజు పోషకుడు అడగనిది తనకోసం తీసి పెట్టుకోవాలి. క్వారీ గుంతలో అరుగులు అరుగులుగా తెగిన సున్నపురాయి పొరలు పొద్దున్నే ఎంత అందంగా ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. లోపలికి వెళ్లాలంటే యాజమాన్యం అనుమతి కావాలి. ఆ అనుమతి క్యాలెండరు పని మీద వెళ్లినవాడికే దొరుకుతుంది.

ఈ ప్రాంతపు సున్నపురాయి మీదే ఇక్ష్వాకుల నాటికే శిల్పులు ఉలి ఆడించారు. జగ్గయ్యపేట దగ్గరి ధనబోడు స్తూపాన్ని జేమ్స్ బర్జెస్ 1882లో పరిశీలించి, 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద గ్రంథం అచ్చు వేయించాడు. అక్కడి మాంధాత చక్రవర్తి పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. చక్రవర్తి కుడిచెయ్యి పైకెత్తితే మేఘాల్లోంచి చదరపు నాణేలు కురుస్తుంటాయి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి. దాతను కొలిచే శిల్పం అది. కానీ స్తూపం దగ్గర దొరికిన ఆయక స్తంభాల (స్తూపం ముందు నిలిపే రాతి కంబాల) శాసనం ఇంకో మాట చెబుతుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో ఆ అయిదు స్తంభాలనూ నిలబెట్టించింది రాజు కాదు, సిద్ధార్థుడనే శిల్పి. కమ్మరాష్ట్రానికి చెందిన శిల్పి కొడుకు. తన డబ్బుతో పెట్టించాడు కాబట్టి తన పేరు, తండ్రి పేరు, ఇంటివాళ్ల పేర్లు రాతిలో చెక్కించుకున్నాడు. పదిహేడు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ పేరు చదవగలుగుతున్నాం. పనిచేసినవాడే ఖర్చు పెట్టినవాడైతే పేరు నిలుస్తుందని ఈ ఊళ్లోనే రుజువుంది. మిగతా శిల్పుల పేర్లు అడిగితే ఎవరూ చెప్పలేరు.

ఇప్పటి చట్టం కూడా దాదాపు ఈ దారిలోనే నడుస్తుంది. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం ఫొటోకు మొదటి హక్కుదారు తీసినవాడే. కానీ ఎవరైనా అడిగి, డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు డబ్బిచ్చినవాడిది అవుతుంది. పెళ్లి ఫొటోలన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఎవరూ అడగకుండా మునేటి ఒడ్డున తెల్లవారుజామున తీసుకున్న ఫొటో మాత్రం తీసినవాడి సొత్తు. 2012 సవరణ తర్వాత ఆ హక్కు అతని జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1941లో ఆంతరంగిక వ్యవహారాల శాఖ అప్పగించిన పని మీద తిరుగుతూ, న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు లేచే దృశ్యం తీశాడు. అది ప్రభుత్వానిదా ఆయనదా అన్న ప్రశ్న తర్వాత వచ్చింది. ఆ రోజుకు ప్రభుత్వానికి బిల్లు వేయలేదు కాబట్టి నెగెటివ్ ఆయనదైంది. జీవితకాలంలో ఆ ఒక్క నెగెటివ్ నుంచి పదమూడు వందలకు పైగా ప్రింట్లు వేశాడు. క్యాలెండరు పని మీద ముక్త్యాల వెళ్లినప్పుడు ఏ గంటలు కంపెనీవి, ఏ గంటలు తనవి అన్నది ముందే ఒక కాగితం మీద ఉంటే ఎంత మేలో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు, ప్రాంతం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా, ఇండియాకు పరిమితంగా తీసుకుంటుంది. అవతలివాళ్లు తెచ్చిన కాగితంలో అన్ని హక్కులూ శాశ్వతంగా అని ఉంటే ధర పెంచాలి, లేదా ఆ మాట కొట్టేయించాలి. మొహమాటపడి సంతకం పెట్టడం మనవాళ్లకు బాగా అలవాటైన జబ్బు.

కాలం దగ్గర మన మెట్టకు ఒక అదృష్టముంది. పెళ్లిళ్లు లేని రోజులే ఇక్కడ దృశ్యానికి పంట. ఆషాఢంలో మబ్బులు గుట్టల మీదికి దిగుతాయి, నల్లరేగడి తడిసి రంగు తిరుగుతుంది. భాద్రపదంలో మునేరు, పాలేరు నిండుగా పారతాయి. ధనుర్మాసంలో కృష్ణ మీద పొగమంచు లేస్తుంది, పొద్దున ఎనిమిదింటి దాకా వెలుగు పాలలా ఉంటుంది. ఈ మూడు నెలల్లోనూ స్టూడియోల్లో కుర్రాళ్లు ఖాళీగా కూర్చుంటారు, కెమెరాలు బ్యాగుల్లో ఉంటాయి. మూఢం వస్తే మరీ. ఈ లెక్కకు లొంగనిది మిరప ఒక్కటే. కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకునేది మాఘ ఫాల్గుణాల్లో, సరిగ్గా ముహూర్తాలు ముమ్మరంగా ఉన్నప్పుడు. ఆ ఎరుపు కావాలంటే ఒకటి రెండు పెళ్లిళ్లు వదులుకోవాలి, ఆ నష్టాన్ని ప్రింటు ధరలో కలుపుకోవాలి.

ధర సంగతి కూడా విప్పి చెబుతాను. కెమెరా, వైడ్ లెన్సు, టెలీ లెన్సు, ట్రైపాడ్, కంప్యూటరు కలిసి మూడు లక్షలు అయ్యాయనుకుందాం. అయిదేళ్లు వాడితే ఏడాదికి అరవై వేలు అరుగుదల. ఏడాదికి నలభై ప్రింట్లు అమ్మితే ఒక్కో ప్రింటు మీద పదిహేను వందలు ఈ అరుగుదలే. పెట్రోలు, కాన్వాసు, ఫ్రేము, ప్యాకింగు, కొరియరు, చేజారిన పెళ్లి, అన్నీ దాని పైన. ఇదేమీ లెక్క కట్టకుండా ఫ్లెక్సు చదరపు అడుగు ధరకు కాస్త కలిపి చెప్పేవాళ్లు రెండో కెమెరా కొనేటప్పుడు అప్పుకు పోతున్నారు. ఆదాయం ఏడాదికి ఇరవై లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషను కూడా తప్పదు. కంపెనీలతో పని చేసేవాళ్లకు అది ముందే ఉంటే బిల్లులు ఆగకుండా ఉంటాయి.

అమ్మకం ఎవరికి అన్న ప్రశ్నకు మళ్లీ వస్తే, ఇక్కడి ఫొటోగ్రాఫర్లు తెలియకుండానే బోర్న్ బాట పట్టారని నాకు అనిపిస్తుంది, అదీ కేటలాగు లేకుండా. ఎర్రటి సూర్యాస్తమయం, ఒంటరి పడవ, నల్లటి తాటిచెట్టు. అది ముక్త్యాలో కేరళో చెప్పలేం. సాఫ్ట్‌వేరు ఒక్క నొక్కుతో వేదాద్రి కొండ మీదికి ఎక్కడిదో ఆకాశాన్ని తెచ్చి అతికిస్తుంది. ట్రైప్ కూడా తన కాగితపు నెగెటివ్‌ల మీద చేత్తో మేఘాలు గీసేవాడు కదా అని సమర్థించేవాళ్లున్నారు. ఆ నాటి రసాయనానికి ఆకాశం తెల్లగా మాడిపోయేది, కంటికి కనిపించిన మబ్బును తిరిగి తేవడానికి ఆయన కుంచె పట్టాడు. ఇప్పుడు కెమెరా మన మబ్బును చక్కగా పట్టుకుంటుంది. దాన్ని తీసేసి పరాయి మబ్బు పెడుతున్నాం. ఊరి ఆకాశం తెలిసిన మనిషి ఆ ఫొటో కొనడు.

ఆ మనిషే అసలు కొనుగోలుదారు. నందిగామ, వీరులపాడు, కంచికచర్ల, వత్సవాయి చుట్టుపక్కల ఊళ్ల నుంచి హైదరాబాదు, అమెరికా వెళ్లి స్థిరపడ్డవాళ్లున్నారు. వాళ్ల హాల్లో గోడకు స్విట్జర్లాండు మంచుకొండ వేలాడుతుంటుంది, ఎందుకంటే దుకాణంలో దొరికింది అదే. వాళ్ల ఊరి చెరువు, చెరువుగట్టు మీది రావిచెట్టు, వెనక బడి, ఏ వైపు నుంచి చూస్తే వాళ్ల ఇల్లు కనిపిస్తుందో ఆ వైపు నుంచి ఎవరూ పెద్ద సైజులో తీసి ఇవ్వలేదు. దీన్‌దయాళ్ నవాబు బంగళాను తీసినంత శ్రద్ధగా, నిలువు గీతలు వంకరపోకుండా, ఊరి పేరు, తేదీ వేసి ఆ చెరువును తీస్తే వాళ్లు బేరమాడరు. పులిచింతల ప్రాజెక్టు 2013 డిసెంబరులో ప్రారంభమైంది. ఎగువన ముంపులో పోయిన ఊళ్లవాళ్లు ఇప్పుడు ఎంత ఇస్తామన్నా ఆ ఊళ్ల వీధిని తీసిపెట్టగలిగినవాళ్లు లేరు. అప్పుడు తీసి నంబరు వేసి దాచినవాళ్లుంటే వాళ్ల దగ్గర ఉన్నది డబ్బుతో కొనలేని సరుకు.

పై నుంచి తీయడం ఇప్పుడు మోజు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోనుకు పైలటు సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకు మించిన దాంతో డబ్బు తీసుకుని పని చేస్తే కావాలి. పచ్చ జోనులో నాలుగు వందల అడుగుల దాకా ఎగరేయవచ్చు. ప్రాజెక్టులు, ముఖ్యమైన స్థావరాల దగ్గర మ్యాపు చూసుకోకుండా లేపకూడదు. సాంకేతికంగా ఇంతే. కళగా చూస్తే, పై నుంచి తీసిన పొలాలన్నీ గడుల బట్టలా ఒకేలా ఉంటున్నాయి. గట్టు మీద నిలబడి తీసిన ఫొటోలో ఉండే చూపు ఎత్తు, అంటే రైతు రోజూ చూసే ఎత్తు, వాటిలో లేదు. ఆ ఎత్తు నుంచి తీసినవే ఇంటి గోడకెక్కుతాయి.

ఇద్దరి దారుల్లో నేను దేన్ని ఎంచుకుంటానో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. తెలిసిన మనిషి కోసం, తెలిసిన నేలను, పేరు పెట్టి తీసే దీన్‌దయాళ్ పద్ధతి ఈ మెట్టకు సరిపోతుంది. పోషకుడు ఒక్కడే కాకుండా పదిమంది ఉండాలి, అంతే తేడా. బోర్న్ దగ్గర మనం అరువు తెచ్చుకోవలసింది ఆయన కంపోజిషను కంటే ఆయన నంబర్ల పుస్తకం. మన స్టూడియోల్లో ఫొటోలు తేదీల ఫోల్డర్లలో పడి ఉంటాయి. మూడేళ్ల తర్వాత ఎవరైనా ఫోను చేసి ఫలానా వాగు ఫొటో ఉందా అని అడిగితే వెతకడానికి రెండు రోజులు పడుతుంది, ఈలోగా అడిగినవాడు గూగుల్లో ఏదో దింపుకుంటాడు.

మనం మొదలుపెట్టవలసిన నంబర్ల పుస్తకంలో మొదట చేరవలసింది ఐతవరం దగ్గరి మునేరు. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ మునేటి వరద అక్కడ జాతీయ రహదారి మీదికి వచ్చింది. రెండుసార్లూ ఫోన్లలో తీసిన వీడియోలు వేలమంది చేతులు మారాయి, తీసినవాళ్ల పేరు ఏ ఒక్కదానికీ అంటుకోలేదు. ఒకే చోట, ఒకే లెన్సుతో, ట్రైపాడ్ కాళ్లు పెట్టిన చోట రాయి గుర్తు పెట్టుకుని, ఏప్రిల్‌లో ఇసుక తేలిన ఏరు, ఆగస్టులో నిండు ఏరు, వరద రోజు, వరద తగ్గిన వారానికి మళ్లీ ఏరు తీసి పెట్టుకున్నవాడి దగ్గరికి పత్రికలు వస్తాయి, రోడ్డు ఇంజనీర్లు వస్తారు, బీమా లెక్కలు వేసేవాళ్లు వస్తారు, మిరప తోట కోతకు గురైన రైతు నష్టపరిహారం దరఖాస్తుకు జత చేయడానికి వస్తాడు. రైతుకు ఊరికే ఇవ్వాలి. మిగతా ముగ్గురికీ ఒకసారి వాడుకోవడానికి ఒక ధర, ఏడాది వాడుకోవడానికి ఇంకో ధర, పేరు వేయకపోతే రెట్టింపు అని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఏప్రిల్ ఫొటో కోసం ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు. దాన్ని సొంత పెట్రోలుతో, సొంత రోజున తీయాలి.